ఆయిలు మీటరు మీద ఎర్ర గీత

కారు కొనబోయేవాళ్ళు ముందుగా ధర అడుగుతారు, రంగు అడుగుతారు, లోపల ఎంతమంది పడతారో అడుగుతారు. మా ఆయన నోటి నుంచి వచ్చిన మొట్టమొదటి ప్రశ్న, "ఇందులో ఆయిలు ఎంత కాగుద్ది?" అన్నది. పాండిచ్చేరి నుంచి వచ్చిన కార్ల ఏజెంటు అర్థం కాక నా వైపు చూశాడు. నేను ఫ్రెంచిలో చెప్పాను. నేనే ఏదో పొరపాటు పడ్డాననుకుని, వంటనూనె గురించా అడుగుతున్నది అన్నాడు. "వంటనూనె సంగతి నేను చూసుకుంటాను, మీరు ఇంజనులో నూనె సంగతి చెప్పండి" అన్నాను. నా నోరు అప్పుడూ ఇంతే.

అప్పటికి యానాం ఫ్రెంచి వాళ్ళ చేతిలోనే ఉంది. వాళ్ళు వెళ్ళిపోతారని అందరికీ తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు. పెళ్ళికి ముందు నేను ఇక్కడి ఫ్రెంచి బడిలో చదువుకున్నాను. ఆయనకు బడి చదువు లేదు, ఆ భాష పట్టుబడలేదు. కనక మా ఇంటికి దుబాసీని నేనే. నేను తెల్లవాళ్ళతో మాట్లాడుతుంటే మా అత్తగారు తలుపు చాటున నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు. కోడలి నోట్లోంచి అలాంటి శబ్దాలు రావడం ఆవిడకు చివరిదాకా వింతే.

మా ఆయన గోదావరి మీద బతికిన మనిషి. మొదట ఇంకొకరి లాంచీ నడిపే సరంగు, తర్వాత సొంతంగా ఒక లాంచీ, ఆపైన ఇంకోటి. యానాం రేవు నుంచి అవతలి ఒడ్డున ఎదుర్లంకకు జనాన్ని దాటించడం, ఏటి మీదుగా సరుకు మోయడం ఆయన పని. ఆ లాంచీల ఇంజన్లకు వేడి చూపించే మీటర్లు ఉండేవి కావు. సరంగు చెయ్యే మీటరు. ఇంజను అడుగున ఉండే ఆయిలు తొట్టికి చేతి వెనక వైపు ఆనించి, "గోవిందా, గోవిందా, గోవిందా" అనుకోవాలి. మూడో గోవిందా దాకా చెయ్యి ఉంచగలిగితే ఇంజను క్షేమం. ఉంచలేకపోతే లాంచీలో ఎవరున్నా, ఎంత తొందరున్నా ఆపి చల్లారనివ్వాల్సిందే. రేవులో ఒక క్రైస్తవ సరంగు కూడా ఉండేవాడు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే ఆ మనిషి కూడా ఆయిలు తొట్టి దగ్గర మాత్రం గోవిందుణ్ణే తలుచుకునేవాడని మా ఆయన నవ్వుతూ చెప్పేవారు.

ఆ పద్ధతి ఆయన ఊరికే నేర్చుకోలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి పెద్ద సరంగు చెయ్యి కాలుతున్నా లెక్కచెయ్యకుండా లాంచీ నడిపాడట. ఏటి మధ్యలో ఇంజను బిగుసుకుపోయింది. నీరు సముద్రంలోకి లాగేస్తున్న పాటు వేళ. లాంచీ నిండా జనం. అడ్డంగా తిరిగిపోయి సముద్రం వైపు కొట్టుకుపోతుంటే ఆడవాళ్ళ ఏడుపులు, పిల్లల కేకలు. ఎక్కడో ఇసక మేట తగిలి ఆగింది కనక బతికి బయటపడ్డారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నవ్వేవారు కాదు.

కారు ఎందుకంటే, మా పాప కోసం. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఇక పుట్టరని అందరూ మాట్లాడుకోవడం కూడా మానేశాక పుట్టిన పిల్ల. రెండేళ్ళు నిండకముందే ఉబ్బసం పట్టుకుంది. వచ్చిందంటే మెడ కింద గుంట లోపలికి పోయేది, గోళ్ళు నీలంగా మారేవి. కళ్ళు మాత్రం నా మొహం మీద నుంచి తిప్పేది కాదు. నువ్వు పెద్దదానివి కదా, ఏదో ఒకటి చెయ్యి అన్నట్టుండేది ఆ చూపు. యానాం ఆసుపత్రిలో డాక్టరు సూది వేస్తే చాలాసార్లు తగ్గేది. సూదికి లొంగకపోతే ప్రాణవాయువు పట్టాలి. ఆ సిలిండరు కాకినాడ పెద్దాసుపత్రిలోనే ఉంది. "తగ్గకపోతే ఇక్కడ కూర్చుని ఏడవకండి, ఎంత త్వరగా కాకినాడ చేరిస్తే అంత మంచిది" అని డాక్టరు ముందే చెప్పి ఉంచాడు.

ఒకసారి అలాగే చెయ్యి దాటితే బస్సెక్కాం. అది ప్రతి ఊళ్ళోనూ ఆగింది. తాళ్ళరేవులో కొబ్బరికాయల బస్తాలు ఎక్కించుకుంది. పాప నా ఒళ్ళో రొప్పుతూ ఉంటే, టాపు మీద తన బస్తా సరిగ్గా కట్టలేదని ఒకాయన కండక్టరుతో పోట్లాట పెట్టుకున్నాడు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు, కానీ నేను ఇప్పటికీ అతన్ని క్షమించలేదు. ఆ రోజు పాప దక్కింది. తిరిగొస్తూ మా ఆయన, "దీన్ని ఇంకోసారి బస్సెక్కించను" అన్నారు. అన్నంత పనీ చేశారు. ఒక లాంచీ అమ్మేసి ఏజెంటుకు కబురు పెట్టారు.

ఏజెంటు బొమ్మల పుస్తకం తెచ్చాడు. మా ఆయన వేలు పెట్టి చూపించింది నాలుగు తలుపుల కారే గానీ, పందేల్లో పరిగెత్తే రకం. ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే పంపు ఒకటి దానికి విడిగా బిగిస్తారట. దానివల్ల బలమూ వేగమూ. వేగం అన్న మాట నేను తెలుగులో చెప్పగానే ఆయన మొహం వెలిగింది. మరుక్షణమే ముడుచుకుంది.

"గాలెక్కువ తోత్తే మంటెక్కువ. మంటెక్కువైతే ఆయిలు కాగిపోద్ది. అడుగు" అన్నారు.

అడిగాను. ఫ్రాన్సులో ఈ కార్లు కొండలే ఎక్కుతాయి, మీ యానాంలో కొండలెక్కడున్నాయి అన్నాడు ఏజెంటు.

"కొండల్లేవుగానీ ఎండలున్నాయని చెప్పు" అన్నారు మా ఆయన.

ఆ బేరం పొద్దు వాలే దాకా సాగింది. నీళ్ళను చల్లబరిచే రేడియేటరు ఉన్నట్టే, ఆయిలును చల్లబరిచే చిన్న రేడియేటరు కూడా పెట్టించుకోవచ్చని తేలింది. సరే, అది పెట్టాలి. మరి ఆయిలు వేడి చూపించే మీటరో? ఈ కారుకు అది రాదన్నాడు ఏజెంటు. నీళ్ళ వేడి చూపేది ఉంటుంది, అది చాలు, ఫ్రాన్సులో ఎవరూ అడగరన్నాడు. మా ఆయన పట్టు వదల్లేదు. బానెట్టు కిందకు చెయ్యి పెట్టి చూస్తూ కారు నడపలేను కదా అన్నారు. మీటరు లేకపోతే కారే వద్దన్నారు. చివరికి ఏజెంటు కలం తీసి ఆర్డరు కాగితం మీద ఆ మీటరు కూడా రాసుకున్నాడు. "ఇంత జాగ్రత్తపరుణ్ణి నేనెక్కడా చూడలేదని మీ ఆయనతో చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఆయన మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

ఎంత కాగుద్దన్న మొదటి ప్రశ్న ఆ బేరంలో పడి కొట్టుకుపోయింది. ఎంత వేడి దాకా ఫరవాలేదని మాత్రం ఆయన అసలు అడగనే లేదు. జీవితమంతా ఇంజన్ల మీద చెయ్యానించి బతికిన మనిషి ఏది ఎక్కువ వేడో ఇంకొకరిని అడుగుతాడా? అడగలేదు కాబట్టి ఏజెంటూ చెప్పలేదు.

కారు సముద్రం మీద పాండిచ్చేరికి, అక్కణ్ణుంచి ఇంకో ఓడలో కాకినాడకు వచ్చింది. అప్పటికి మాకు సరిహద్దు అవతల, అంటే ఇండియా రోడ్ల మీద, దాన్ని నడిపే అనుమతి రాలేదు. సుంకాల వాళ్ళు రోడ్డు మీద నడపనివ్వం, మోసుకుపోతే మీ ఇష్టం అన్నారు. మా ఆయనకు కావలసింది కూడా అదే. రెండు నావలను పక్కపక్కన కట్టి, పైన పలకలు పరిచి, కారును దాని మీదికెక్కించి, సొంత లాంచీతో కోరంగి ఏటి మీదుగా లాక్కొచ్చారు. గచ్చకాయ రంగు కారు నీళ్ళ మీద తేలుతూ వస్తుంటే ఊరంతా రేవులో ఉంది. పాప వాళ్ళ నాన్న లాంచీని చూసి ఎగిరింది, కారును చూసి నా వెనక దాక్కుంది.

మీటరు అడిగినట్టే బిగించి పంపారు. గుండ్రటి అద్దం, లోపల తెల్లటి ముల్లు, నలభై నుంచి నూట ఇరవై దాకా డిగ్రీల అంకెలు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన చేతికి తెలిసిన వేడి ఈ అంకెల్లో ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? రెండు రోజులు తల గోక్కుని, ఫ్రెంచి బడిలో సైన్సు మేష్టారి దగ్గర పెద్ద థర్మామీటరు అరువు తెచ్చారు. మా వంటింట్లో గంగాళం నిండా నీళ్ళు పోసి పొయ్యి వెలిగించారు. థర్మామీటరు నీళ్ళలో ముంచి నన్ను పట్టుకోమని, తను గంగాళం అంచుకు చేతి వెనక వైపు ఆనించి గోవిందలు మొదలుపెట్టారు. వంట వేళ ఈ గోలేమిట్రా అని అత్తగారు విసుక్కున్నారు. పాప పొయ్యికి దూరంగా పీట మీద కూర్చుని వాళ్ళ నాన్నతో పాటు గొంతు కలిపింది. అరవై దగ్గరకొచ్చేసరికి మూడో గోవిందా నోట్లో ఉండగానే ఆయన చెయ్యి లాక్కున్నారు. నన్నూ ఆనించి చూడమన్నారు. నేను మొదటి గోవిందాకే కేక పెట్టాను.

"దుబాసీ చెయ్యి లాంచీకి పనికిరాదు" అని వెక్కిరించారు.

అలా అరవై ఖాయమైంది. లాంచీకి వేసే ఎర్ర రంగులో పుల్ల ముంచి, మీటరు అద్దం మీద అరవై దగ్గర సన్నటి గీత గీశారు. ముల్లు ఆ గీత దాటితే కారు ఆపాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ, నాకూ, పాపకూ కూడా నేర్పించారు.

యానాం ఎంత ఊరు? కనకాలపేట దాకా వెళ్ళి, మెట్టకూరు చుట్టి, అగ్రహారం మీదుగా ఇంటికొస్తే అయిపోయింది. ఇంజను వేడెక్కేలోపు ఊరే అయిపోయేది. మీటరు ముల్లు నలభై దగ్గర కాస్త కదిలి ఊరుకునేది. దాన్ని చూసే ఉద్యోగం పాపకిచ్చారు. ముందు సీటులో మోకాళ్ళ మీద నిలబడి, "పడుకుంది నాన్నా, ఇంకా పడుకునే ఉంది" అని అరుస్తూ ఉండేది. ఆయిలు చల్లబరిచే రేడియేటరు పెట్టించడం వల్లే ఇదంతా అని ఆయన అనుకునేవారు. కనిపించిన వాళ్ళందరికీ బానెట్టు ఎత్తి అది చూపించేవారు.

సరిహద్దు దాటే అనుమతి ఎండాకాలంలో చేతికొచ్చింది. ఇంజను కొత్తది, ఊళ్ళో తిరిగి ఇంకా కాస్త నలగనీ, అప్పుడు ఒకసారి కాకినాడ వెళ్ళొద్దాం అన్నారు. అది నలిగేలోపే పాపకు మళ్ళీ ఆయాసం వచ్చింది.

పొద్దున్నే మొదలైంది. డాక్టరు సూది వేశాడు. కాసేపు చూసి ఇంకోటి వేశాడు. పాప మెడ కింద గుంట అలాగే ఎగిరెగిరి పడుతోంది. "ఇక బయల్దేరండి" అన్నాడు. కారు ఆసుపత్రి గుమ్మం ముందే ఉంది. చెప్తే నమ్మరు, నాకప్పుడు భయం వెయ్యలేదు. దీనికోసమే కదా లాంచీ అమ్మింది, దీనికోసమే కదా కారు ఏటి మీద తేలుతూ వచ్చింది అనుకున్నాను. పాపను ఒళ్ళో వేసుకుని వెనక సీట్లో కూర్చున్నాను.

సరిహద్దు గేటు దగ్గర జవాను కారులోకి తొంగిచూశాడు. కాగితాలు అడగనైనా లేదు. "ఆయ్, ఎల్లిపోండి బాబూ, ఎల్లిపోండి!" అంటూ పరిగెత్తి గేటెత్తాడు. తర్వాత రోడ్డంతా మాదే. అంత వేగం నా జన్మలో చూడలేదు. గాలి మొహానికి కొడుతుంటే పాప కొంచెం తేలికపడినట్టు కూడా అనిపించింది. తాళ్ళరేవు వచ్చింది, వెళ్ళిపోయింది. బస్సు ఈపాటికి ఇంకా ఎక్కడ ఉండేదో అని లెక్కలు వేసుకుంటున్నాను.

అప్పుడు కారు నెమ్మదించింది. ఆయన పక్కకు తీసి, ఒక చెట్టు నీడన ఆపేశారు.

"ఏమైందండీ?"

"అరవై దాటేసింది."

దిగి బానెట్టు ఎత్తారు. నేల మీద పడుకుని కారు కిందకు చెయ్యి చాపారు. ఒక్క గోవిందా కూడా అనలేదు, చెయ్యి విదిలించుకుంటూ లేచారు. తడి గోనెపట్టా ఒకటి ఎప్పుడూ డిక్కీలో ఉంచేవారు. అది తెచ్చి ఇంజను కింద ఆయిలు తొట్టికి అదిమారు.

"అమ్మా, కారుకీ ఆయాసమొచ్చిందా?" అంది పాప. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ అంది.

"అవునమ్మా, ఇప్పుడే తగ్గిపోద్ది" అన్నారు వాళ్ళ నాన్న కిటికీలోంచి.

"ఏమైతే అదైంది, పోనివ్వండి" అన్నాను నేను.

"బిగుసుకుపోద్దే! బిగుసుకుపోతే ఈ ఎండలో పిల్లని భుజానేసుకుని ఎంత దూరమని పరిగెత్తను? ఒక్క రవ్వ చల్లారనీ."

నాకంటే ఆయనకే భయం ఎక్కువ, అది నాకు కనబడుతూనే ఉంది. ఏటి మధ్యలో అడ్డం తిరిగి సముద్రం వైపు కొట్టుకుపోయిన లాంచీలో ఆయన ఉన్నారు, నేను లేను. ఇంజన్ల సంగతి ఆయన చెప్తే నేను కాదనేదేముంది? ముల్లు గీత కిందకు దిగే దాకా కూర్చున్నాం. దిగీ దిగగానే బయల్దేరాం.

కోరంగి దగ్గర మళ్ళీ దాటింది. మళ్ళీ ఆపారు. ఈసారి ముల్లు ఎంతకీ దిగలేదు. అలా ఆగి ఉండగా వెనక నుంచి కాకినాడ బస్సొచ్చింది. దుమ్ము రేపుకుంటూ, టాపు మీద బస్తాలతో, మమ్మల్ని దాటుకుని పోయింది. నేను దాన్ని చూశాను. ఆయనా చూశారు. కారు కదిలాక చూస్తే ఆ బస్సు ముందున్న ఊళ్ళో జనాన్ని ఎక్కించుకుంటోంది. దాన్ని దాటేశాం. ఆయన హారను గట్టిగా మోగించారు, గెలిచినట్టు. చొల్లంగి దగ్గర ముల్లు మళ్ళీ గీత దాటింది. ఆపాం. బస్సు మళ్ళీ మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది.

అక్కడే, ఆయన కారు ముందు నిలబడి తుండుగుడ్డతో ఇంజనుకు విసురుతుండగా, పాప నా మొహం మీద నుంచి చూపు తిప్పేసింది. ఎప్పుడూ తిప్పని పిల్ల.

నేను అరిచాను. ఏమని అరిచానో తెలియదు. ఆయన బానెట్టు దబ్బున వేసి వచ్చి కూర్చున్నారు. ఇక మీటరు వైపు చూడలేదు. జగన్నాథపురం వంతెన మీద జనం పక్కలకు దూకారు. పెద్దాసుపత్రి గుమ్మం దాకా ఆ కారు ఎక్కడా ఆగలేదు, బిగుసుకుపోలేదు. లోపల మంచం పక్కనే ప్రాణవాయువు సిలిండరు నిలబెట్టి ఉంది. డాక్టరు పాప ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు, చాలాసేపు విన్నాడు, తర్వాత చెవుల్లోంచి గొట్టం తీసేశాడు. నర్సు ఆ సిలిండరును ఇంకో మంచం దగ్గరకు దొర్లించుకుపోయింది. ఆ మంచం మీద ఎవరో ముసలాయన ఉన్నాడు. ఆయన బతికాడని తర్వాత తెలిసింది. బతకనీ, నాకేం కోపం లేదు అనుకోవాలని చాలా ప్రయత్నించాను.

పలకరించడానికి వచ్చినవాళ్ళు విధి అన్నారు. రాసిపెట్టి ఉంది అన్నారు. విధికి ఆయిలు మీటరు ఎందుకు అని వాళ్ళ మొహాన అడగాలనిపించింది. మా ఆయన ముందు అడగలేక నోరు కుట్టుకున్నాను. ఆయన కారును పాకలో పెట్టి పైన టార్పాలిను కప్పేశారు. లాంచీ మీదకూ వెళ్ళడం మానేశారు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవారు.

"ఆపకపోతే చేరేవాళ్ళమంటావా?" అనేవారు.

"ఏమోనండి."

"బిగుసుకుపోయేదేమో?"

"అవునేమోనండి."

ఇదే మాట. స్నానానికి నీళ్ళు తోడుతూ ఉంటే ఇదే. అత్తగారు కాళ్ళు నొప్పులంటే పక్కన కూర్చుని ఇదే. నాకు నిజంగానే తెలియదు. తెలియనంతకాలం ఇద్దరం బతకగలిగాం. ఆ కారులో ఏదో లోపముంది, గాలి తోసే పంపు వల్లే అది కాగిపోతోంది, మనకు చెడిపోయిన బండి అంటగట్టారు అన్నది ఆయన పట్టుకుని వేలాడిన మాట. కారు కాగిపోతోంది, మనిషిని పంపి చూపించండి అని నా చేత ఏజెంటుకు రాయించారు. పాప సంగతి అందులో రాయనివ్వలేదు.

వానలు మొదలయ్యాక పాండిచ్చేరి నుంచి మెకానిక్కు వచ్చాడు. ఫ్రెంచి కుర్రవాడు. ఎర్రగా కందిపోయిన మొహం, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, ఎప్పుడూ ఈల వేస్తూ ఉండేవాడు. మా ఇంట్లో ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పలేదు. టార్పాలిను తీసి కారును చూసి సంబరపడిపోయాడు. నడిపి చూస్తానన్నాడు. మా ఆయన అతని పక్కన కూర్చున్నారు. దుబాసీని కనక నేను వెనక సీట్లో కూర్చోవలసి వచ్చింది, ఖాళీ ఒడితో.

ఊళ్ళో తిరిగితే వేడెక్కదని సరిహద్దు గేటు దాకా వేగంగా పోవడం, వెనక్కి రావడం, మళ్ళీ పోవడం. ముల్లు లేచింది. ఎర్ర గీత దాటింది. మా ఆయన చెయ్యి తలుపు పిడి మీదకు పోయింది. మెకానిక్కు ఆపలేదు. డెబ్భై. ఎనభై. తొంభై దగ్గరకు వచ్చి ముల్లు దానంతటదే నిలబడిపోయింది. ఎంత తొక్కినా ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. కుర్రవాడు ఇంకో రెండుసార్లు పరిగెత్తించి, ఇంటి ముందు ఆపి, బానెట్టు ఎత్తి, తల వంచి ఇంజను చప్పుడు విన్నాడు. చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"బ్రహ్మాండంగా ఉంది. ఏ లోపమూ లేదు. ఆయిలు తొంభై దగ్గరుంటే ఇలాంటి ఇంజనుకు అదే ఆరోగ్యం, నూరు దాటినా భయం లేదు. అరవై అంటే ఇంకా చల్లగా ఉన్నట్టే లెక్క, అసలప్పుడు వేగంగా తోలనే కూడదు" అన్నాడు. అని, అద్దం మీద ఎర్ర గీతను చూసి, "ఇదెవరు గీశారు?" అంటూ నవ్వుతూ గోటితో గీకేశాడు. రంగు పొట్టు లేచి కింద రాలింది.

"ఏమంటాడు?" అన్నారు మా ఆయన.

ఆ మాట అడిగిన గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కుర్రవాడి మీద, ఏజెంటు మీద, గంగాళం మీద, థర్మామీటరు మీద, ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి మీద కూడా. నా కూతుర్ని చెట్ల నీడన ఆపి ఆపి తీసుకెళ్ళాడే అని గుండె పగిలిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేస్తే ఒక్క వాక్యం. ఆయన మొహం చూశాను. నెలల తరబడి తిండి లేక పీక్కుపోయిన మొహం. నా నోటి వైపే చూస్తున్నారు.

"లోపముందంట" అన్నాను. "ఆ రోజు ఆపకపోతే దారిలోనే బిగుసుకుపోయేదంట. మీరు ఆపి మంచి పని చేశారంట."

తెలుగు ముక్క రాని ఆ కుర్రవాడు నా పక్కన నిలబడి అవునవునని తల ఊపుతున్నాడు, బానెట్టు మీద ముద్దుగా చరుస్తున్నాడు.

మా ఆయన అతన్ని చూశారు. తొంభై దగ్గర నిలబడ్డ ముల్లును చూశారు. గీత లేని అద్దాన్ని చాలాసేపు చూశారు.

"కాఫీ తాగెల్లమను" అన్నారు.

ఆ సాయంత్రం అత్తగారు దీపం పెడుతుండగా ఆయన అరుగు మీద కూర్చున్నారు. కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళాను. చెంబు అందుకోలేదు.

"ఆడి భాషలో తొంభై అంటే నాకు తెలుసే" అన్నారు. "తెల్లోళ్ళని లాంచీలో దాటించి డబ్బులడిగినోణ్ణి. మాటలు రావుగానీ అంకెలు రావా?"

నేను నోరు తెరిచాను. వద్దన్నట్టు చెయ్యి ఎత్తారు.

"నువ్వు చెప్పిందే ఉంచుకుంటాను. ఇంకెప్పుడూ నిన్నడగను."

అని నా నడుం చుట్టూ చేతులు వేసి, పొట్టలో తల పెట్టి ఏడ్చారు. పాప పోయాక ఆయన ఏడవడం అదే మొదలు. నేనూ ఏడ్చాను. ఆయన మీద కోపంతో ఏడ్చానో, ఆయన మీద జాలితో ఏడ్చానో ఇవాళ్టికీ విడదీసి చెప్పలేను. రెండూ అదే మనిషి మీద, అదే చోట ఉండేవి.

కారును ఆ ఏడే అమ్మేశాం. కొన్నవాళ్ళకు అది చాలా ఏళ్ళు బాగా పనిచేసిందని విన్నాం. ఆయన మళ్ళీ లాంచీ ఎక్కారు. చుట్టాలో, రేవులో మనుషులో ఎవరైనా పాప సంగతి ఎత్తి, అంత మంచి కారుండి కూడా ఎలా జరిగిందని అడిగితే, "బండిలో లోపముండేదండి" అనేవారు. అని నా వైపు తిరిగేవారు. "అవునండి, లోపముండేది" అనేదాన్ని నేను. ఆయన పోయేదాకా, ఎవరడిగినా, అవుననే అన్నాను.